ఉమ్మిలో ఎర్రజీర

ఆయన చేతిలో గుడ్డసంచి, సంచిలో అంగుళం మందాన ఫైలు. రిటైరైన తెలుగు మాస్టారు, షుగర్ వచ్చి పద్నాలుగేళ్ళు. నేను అడక్కముందే ఫైలు విప్పి నా బల్ల మీద పరిచారు. కంటి డాక్టరు ఏటేటా రాసిన కాగితాలు, కిడ్నీల కోసం చేయించిన క్రియాటినిన్ రిపోర్టులు, ఈసీజీ పట్టీలు, పాదాల్లో స్పర్శ ఉందో లేదో చూసిన పరీక్ష, అన్నీ తేదీల వరసలో ట్యాగు దారంతో కట్టి ఉన్నాయి. "ఒక్క పూట కూడా మాత్ర మానలేదు డాక్టరమ్మా" అన్నారు. ఆ ఫైలు చూస్తే నమ్మబుద్ధవుతుంది. కానీ పద్నాలుగేళ్ళ ఆ కాగితాల్లో నోటి గురించి ఒక్క ముక్క లేదు. ఆయన నా దగ్గరికి వచ్చింది కింది ముందుపళ్ళు రెండు ఊగుతున్నాయని.

"చిగుళ్ళ నుంచి రక్తం ఎప్పట్నుంచి వస్తోంది మాస్టారూ?" అని అడిగాను.

"అదా, అది మామూలేనమ్మా. తోముకునేటప్పుడు కాస్త వస్తుంది, పుక్కిలిస్తే పోతుంది. ఏడెనిమిదేళ్ళ నుంచీ ఉంది."

చిగుళ్ళ వైద్యురాలిగా నేను ఎక్కువసార్లు విన్న మాట ఈ "మామూలే". పుచ్చిపోయిన పన్ను రాత్రి నిద్ర పట్టనివ్వదు కాబట్టి తెల్లారేసరికి డాక్టరు దగ్గర ఉంటాం. చిగుళ్ళ జబ్బు అలా కాదు. ఏళ్ళ తరబడి నొప్పి లేకుండా ఎముకను తినేస్తుంది. అది చేసే హెచ్చరిక ఒక్కటే, పొద్దున్నే సింకులో ఉమ్మితో పాటు పడే ఎర్రజీర. వేలికి సూది గుచ్చుకుని మీటర్లో అంకె చూసుకోవడం షుగర్ ఉన్న చాలామందికి అలవాటే. సూదీ స్ట్రిప్పూ లేకుండా రోజూ వచ్చే ఈ రీడింగును మాత్రం నీళ్ళు పోసి కడిగేస్తున్నాం.

మూడు దాటితే

పంటికీ చిగురుకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. ఆ సందు లోతు కొలవడానికి మా దగ్గర ప్రోబ్ అనే సన్నటి పుల్ల లాంటి పరికరం ఉంటుంది. మొన మొద్దుగా ఉంటుంది, మిల్లీమీటర్ల గీతలుంటాయి. ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల దాన్ని మెల్లగా దించి, ఎంత లోపలికి దిగిందో పైకి చదువుతాం, పక్కనున్న అమ్మాయి రాసుకుంటుంది. చిగురు బాగుంటే రెండు, మూడు, రెండు అని సాగిపోతుంది, రక్తం రాదు. నాలుగు అని వినిపించిందంటే ఆగి చూడాలి. ఆ సందునే మేం పాకెట్ అంటాం. ఆరు దాకా దిగిన పాకెట్‌లోకి మీ బ్రష్షు వెళ్ళదు, దారమూ వెళ్ళదు.

మాస్టారి కింది ముందుపళ్ళ దగ్గర నేను చదివినవి అయిదు, ఏడు, ఆరు. ప్రోబ్ తీసిన ప్రతిచోటా వెనకాలే బొట్టు రక్తం ఊరింది. అద్దం పెట్టి వెనకవైపు చూస్తే, నాలుక తగిలే చోట, పంటికీ పంటికీ మధ్య తేడా తెలియకుండా పసుపుపచ్చగా గార పేరుకుని ఉంది. లాలాజల గ్రంథుల నాళాలు అక్కడే తెరుచుకుంటాయి. అందుకే అందరికీ గార ముందు అక్కడే పడుతుంది. ఆయన కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఎంత ఉండాలమ్మా?" అన్నారు.

"మూడు దాటకూడదు మాస్టారూ."

ఇలాంటి పాకెట్లు నోట్లో చాలా పళ్ళకు ఉంటే, వాటి లోపలి గోడలన్నీ విప్పి ఒక్కచోట పరిస్తే ఇంచుమించు అరచేయంత పుండు తేలుతుంది. అరికాలి మీద అంత పుండు పడితే షుగర్ ఉన్న మనిషి ఆ రాత్రి నిద్రపోడు. నోట్లోది కంటికి కనిపించదు, అంతే తేడా.

షుగర్ చిగుళ్ళను ఏం చేస్తుంది

మన ఇళ్ళలో పాచినోరు అంటే పొద్దున్న మాట. పాచి అనేది తిండి మిగులు కాదు. పళ్ళను అంటిపెట్టుకుని బతికే సూక్ష్మజీవుల పొర. తియ్యకుండా వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం పట్టి గట్టిపడి గార అవుతుంది. గార పట్టిన గరుకు మీద కొత్త పాచి ఇంకా తేలిగ్గా నిలుస్తుంది. ఇది అందరికీ జరిగేదే. షుగర్ అదుపులో లేని ఒంట్లో ఆ పాచి మీద జరిగే పోరాటం మాత్రం వేరే రకంగా సాగుతుంది.

పాకం ఎక్కువసేపు పొయ్యి మీద ఉంటే గిన్నెకు అంటుకుని ముదిరిపోవడం చూశారుగా. రక్తంలో ఏళ్ళ తరబడి ఎక్కువగా తిరిగే చక్కెర కూడా ఒంట్లోని మాంసకృత్తులకు అలాగే అంటుకుని వాటిని మొరటుగా చేస్తుంది. చిగురును పంటికి పట్టి ఉంచే నారలు దెబ్బతింటాయి. సన్నటి రక్తనాళాలు మందంగా తయారవుతాయి. సూక్ష్మజీవుల మీదికి వెళ్ళాల్సిన తెల్ల రక్తకణాలు చురుకు తప్పుతాయి. వాపు మాత్రం చల్లారదు, రగులుతూనే ఉంటుంది. ఆ రగులుడుకే పంటి చుట్టూ ఉన్న ఎముక కరిగేది. షుగర్‌తో నోరెండిపోవడం తోడైతే పాచిని కడిగే లాలాజలం కూడా తక్కువే.

ఈ సంబంధాన్ని లోకానికి గట్టిగా చెప్పినవాడు హరాల్డ్ లో అనే నార్వే దంతవైద్యుడు. కళ్ళు, కిడ్నీలు, నరాలు, పెద్ద రక్తనాళాలు, మానని పుళ్ళు, ఈ ఐదింటి తర్వాత షుగర్ తెచ్చే ఆరో చేటు చిగుళ్ళ జబ్బేనని 1993లో రాశాడు. ఆయన ముందున్న లెక్కల్లో ముఖ్యమైనవి అమెరికాలోని అరిజోనాలో గిలా నది దగ్గర ఉండే పీమా తెగవాళ్ళవి. షుగర్ విపరీతంగా ఉన్న ఆ జనాన్ని 1965 నుంచి రెండేళ్ళకోసారి పరీక్షిస్తూ వచ్చారు. షుగర్ ఉన్నవాళ్ళకు చిగుళ్ళ జబ్బు రావడం, లేనివాళ్ళతో పోలిస్తే రెండున్నర రెట్లకు పైగా ఉంది. మన సంగతి చూసుకుంటే, 2023లో వెలువడిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉంది, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది అంచున ఉన్నారు. వీళ్ళందరి ఫైళ్ళలోనూ నోటికి ఒక కాగితం ఉండాలన్నదే నా తపన.

చిగుళ్ళు షుగర్‌ను ఏం చేస్తాయి

దారి ఒకవైపే కాదు. చిగుళ్ళలో రగిలే వాపు అక్కడితో ఆగదు. సూక్ష్మజీవుల ముక్కలూ, వాటితో పోరాడటానికి ఒళ్ళు పుట్టించిన రసాయనాలూ రక్తంలో కలిసి తిరుగుతాయి. వాటి గోలలో ఇన్సులిన్ చెప్పే మాటను కండరాలూ కాలేయమూ సరిగా వినిపించుకోవు. మాత్రలు వేసుకుంటున్నా, అన్నం తగ్గించినా ఫాస్టింగ్ దిగనివాళ్ళు కొందరుంటారు. ఇంట్లోవాళ్ళేమో దొంగచాటుగా స్వీట్లు తింటున్నారని అనుమానిస్తారు. అలాంటి చోట చిగుళ్ళు కూడా ఒకసారి చూపించాలి. పీమా జనంలోనే 1996లో అచ్చయిన ఇంకో పరిశీలనలో, మొదట్లో చిగుళ్ళ జబ్బు ముదిరి ఉన్నవాళ్ళకే తర్వాత షుగర్ అదుపు తప్పడం ఎక్కువగా కనిపించింది.

మరి చిగుళ్ళు బాగుచేస్తే షుగర్ తగ్గుతుందా? ఉన్నదున్నట్టు చెప్తాను. 2013లో అమెరికాలో 514 మందితో చేసిన పెద్ద పరీక్షలో, మూడు నెలల సగటు షుగర్ తెలిపే హెచ్‌బిఎ1సిలో తేడా రాలేదు. అక్కడ చిగుళ్ళు సరిగా శుభ్రపడనే లేదని చాలామంది నిపుణులు అభ్యంతరం చెప్పారు. 2018లో లండన్‌లో 264 మందితో చేసిన పరీక్షలో, ఏడాది పొడుగునా గట్టిగా వైద్యం చేసినవాళ్ళకు హెచ్‌బిఎ1సి మిగతావాళ్ళ కంటే 0.6 తక్కువ ఉంది. ఇలాంటి 35 పరీక్షలను కలిపి చూసిన 2022 నాటి కోక్రేన్ సమీక్షలో మూడు నాలుగు నెలలకు 0.43 తగ్గుదల తేలింది. మాత్రలు మానేసేంత తగ్గుదల కాదది. దాన్ని చూపించి షుగర్ పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. కానీ 8.1 దగ్గర మొండికేసిన అంకె 7.7కి రావడం కళ్ళకూ కిడ్నీలకూ చిన్న మేలేమీ కాదు.

పుస్తకాల్లో అంతగా కనిపించని ఇంకో దారి నాకు రోజూ ఎదురవుతుంది. పళ్ళు ఊగడం మొదలైనవాళ్ళు ముందు మానేసేవి వేరుశనగలు, జామకాయ, పచ్చి కీరా, క్యారెట్ ముక్కలు. తర్వాత జొన్నరొట్టె. ఆ తర్వాత ఆకుకూరల కాడలు, చిక్కుళ్ళు. ఇక మిగిలేది మెత్తగా వండిన తెల్లన్నం, ఇడ్లీ, ఉప్మా, సగ్గుబియ్యం జావ, టీలో నానబెట్టిన బిస్కెట్లు. షుగర్ డాక్టరు తినమన్నవన్నీ నమలాల్సినవే, వద్దన్నవన్నీ మింగడానికి సులువైనవే. పీచు పోయి పిండి మిగిలితే షుగర్ ఎక్కుతుంది, షుగర్ ఎక్కితే ఇంకో పన్ను ఊగుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒకవైపే నములుతున్నా, అన్నం మరీ మెత్తగా కలుపుకుంటున్నా పంతం అనుకోకండి. దగ్గర కూర్చుని నోరు తెరవమని అడగండి.

రక్తం రాలేదంటే అంతా బాగున్నట్టేనా? పొగ తాగేవాళ్ళ విషయంలో కాదు. నికోటిన్ చిగుళ్ళలోని రక్తనాళాలను బిగిస్తుంది. లోపల ఎముక కరుగుతున్నా రక్తం బయటికి రాదు, చిగురు గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది. సిగరెట్టు, బీడీ, చుట్ట అన్నీ అంతే. ఉత్తరాంధ్రలో నిప్పు నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దామెలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు చిగుళ్ళతో పాటు అంగిలి కూడా చూపించాలి, అక్కడ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. ఇంకో చిన్న మాట. షుగర్‌తో పాటు బీపీ ఉన్నవాళ్ళు చాలామంది ఆమ్లోడిపిన్ వేసుకుంటారు. దాంతో కొందరికి చిగుళ్ళు కండపట్టి పళ్ళ మీదికి పెరుగుతాయి. అలా కనిపిస్తే మందు రాసిన డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు మానకండి.

ఇవాళ రాత్రి మొదలుపెట్టాల్సింది

1965లో, డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో, ఇదే హరాల్డ్ లో ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మందిని పళ్ళు తోముకోవడం మానేయమన్నాడు. ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే. మూడు వారాల్లోపు అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక ఇంచుమించు వారంలో మామూలు స్థితికి వచ్చాయి. నాకు ఎంతో ధైర్యమిచ్చే ప్రయోగం ఇది. ఎముక కరగకముందు చిగుళ్ళ వాపు పూర్తిగా వెనక్కి వెళ్ళే జబ్బు. కరిగిన ఎముక తనంతట తిరిగి రాదు, మిగిలినదాన్ని నిలబెట్టుకోగలం.

తోముకుంటే రక్తం వస్తోందని ఆ చోట తోమడం మానేస్తారు చాలామంది. రక్తం వచ్చే చోటే ఎక్కువ శ్రద్ధగా తోమాలి. బ్రష్షు మెత్తగా ఉండాలి, సాఫ్ట్ అని అడిగి కొనండి. కుచ్చును పన్నూ చిగురూ కలిసే గీత మీద ఏటవాలుగా ఆనించి, అక్కడక్కడే చిన్నగా కదపండి. నేల రుద్దినట్టు అడ్డంగా రుద్దితే చిగురు పంటి మీంచి వెనక్కి జారుతుంది. పళ్ళ వెనకవైపు మర్చిపోకండి, గార ఉండేది అక్కడే. మొత్తానికి రెండు నిమిషాలు పట్టాలి. అద్దం ముందు ఒక్కసారి గడియారం పెట్టుకుని చూడండి, రెండు నిమిషాలు ఎంత పొడుగో తెలుస్తుంది.

పళ్ళ సందుల్లోకి ఏ బ్రష్షూ పోదు. సందులు వెడల్పయినవాళ్ళకు సీసాలు కడిగే బ్రష్షు ఆకారంలో చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్షులు దొరుకుతాయి. మీ సందుకు ఏ సైజో ఒకసారి డాక్టరును అడిగి కొనుక్కోండి. ఇరుకు సందులకు ఫ్లాస్ దారం. పిన్నీసు, గుండుసూది, అగ్గిపుల్ల నోట్లో పెట్టనే వద్దు. షుగర్ ఉన్న నోట్లో చిన్న గాటు కూడా చీము పట్టగలదు. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది, నువ్వులనూనె పుక్కిలించే అలవాటుంటే ఉండనివ్వండి, వేపపుల్ల మెత్తగా నమిలి వాడుకున్నా తప్పులేదు. కానీ ఇవేవీ గారను ఊడదీయలేవు, పాకెట్ లోపలికి చేరలేవు. ఎర్ర పళ్ళపొడి వేలితో గట్టిగా రుద్దడం మాత్రం మానాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యం రాత్రి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పాచికి అదే అదను. పొద్దున తోముకోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు, రాత్రిది మాత్రం కొత్తగా నాటుకోవాలి. కొత్త అలవాటుకు పాత గుంజ ఒకటి కావాలి. షుగర్ ఉన్నవాళ్ళకు అది ఇంట్లోనే ఉంది, రాత్రి మాత్ర. మందుల డబ్బా పక్కనే గ్లాసులో ఇంకో బ్రష్షు పెట్టుకోండి. మాత్ర వేసుకున్న చెయ్యే బ్రష్షు అందుకోవాలి. ఇన్సులిన్ సూదో, భోజనానికి ముందు మాత్రో వేసుకునేవాళ్ళయితే, భోంచేశాకే బ్రష్షు. తోముకున్నాక మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు. కట్టుడుపళ్ళుంటే తీసి, కడిగి, నీళ్ళలో వేసి పడుకోండి. షుగర్ ఉన్నవాళ్ళకు వాటి కింద తెల్లటి బూజు పట్టడం నేను తరచూ చూస్తుంటాను.

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు

షుగర్ ఉంటే పన్ను ముట్టుకోరట అనుకుని ఏళ్ళు గడిపేసినవాళ్ళు నాకు తెలుసు. షుగర్ అదుపులో ఉన్నవాళ్ళకు క్లీనింగ్ అయినా, పన్ను తీయడమైనా మామూలుగానే చేస్తారు. మరీ ఎక్కువుంటే అత్యవసరం కానివి కొన్నాళ్ళు ఆపుతారు. టిఫిన్ తిని, మాత్రలు వేసుకుని, పొద్దున పూటే వెళ్ళండి. ఉపవాసంతో కుర్చీ ఎక్కితే షుగర్ పడిపోయి చెమటలు పట్టడం, వణకడం జరగొచ్చు, జేబులో గ్లూకోజ్ పొట్లం ఉంచుకోండి. ఆఖరి హెచ్‌బిఎ1సి రిపోర్టూ, మందుల చీటీ పట్టుకెళ్ళండి. రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీరే ఆపేసి వెళ్ళకండి.

క్లీనింగ్ చేయిస్తే పళ్ళు లూజవుతాయన్న భయం ఇంటింటా ఉంది. గార, పళ్ళ సందుల్లో సిమెంటు పోసినట్టు నిండి ఉంటుంది. దాన్ని తీసేస్తే సందు ఖాళీగా తగులుతుంది, కొన్నాళ్ళు చన్నీళ్ళు జివ్వుమంటాయి. పన్ను ఊగేది పోయిన ఎముక వల్ల. గార ఇన్నాళ్ళూ ఆ సంగతిని కప్పి ఉంచింది. పాకెట్లు లోతుగా ఉంటే మత్తు ఇచ్చి వేరు దాకా శుభ్రం చేస్తారు, రెండు మూడు సార్లు రావాలి. ఖర్చు గురించి వెనకాడేవాళ్ళు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడ, కడపల్లోనూ ఉన్న ప్రభుత్వ దంతవైద్య కళాశాలలకు వెళ్ళండి. అక్కడ చిగుళ్ళకు వేరే విభాగమే ఉంటుంది. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మాత్రలు కొనుక్కుని వేసుకోవడం మాత్రం దయచేసి చేయకండి. గారలో పాతుకున్న పాచిని మాత్ర కదిలించలేదు. వాపు నాలుగు రోజులు అణుగుతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది. దవడ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా తెల్లారేదాకా ఆగొద్దు, అప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ఒకసారి శుభ్రం చేయించాక పని అయిపోదు. జబ్బు పడ్డ చిగుళ్ళను మూడు నెలలకోసారి చూపించుకోవడం మంచిది. హెచ్‌బిఎ1సి కూడా మూడు నెలలకే కాబట్టి రెంటికీ ఒకటే వారం పెట్టుకోమని నా దగ్గరికి వచ్చేవాళ్ళకు చెప్తాను.

మాస్టారు మూడు నెలలకు సరిగ్గా వచ్చారు. ఊగే పళ్ళలో ఒకటి తీసేయక తప్పలేదు, రెండోది పక్క పళ్ళకు కలిపి కట్టాం, నిలబడింది. ఏడు అయిదైంది, అయిదు మూడైంది. రక్తం రెండు మూడు చోట్లకే మిగిలింది. హెచ్‌బిఎ1సి 8.9 నుంచి 8.2కి దిగింది. మధ్యలో షుగర్ డాక్టరు ఒక మాత్ర మార్చారు కాబట్టి ఆ తగ్గుదలంతా చిగుళ్ళదేనని నేను అనను. మళ్ళీ వేరుశనగలు తింటున్నానని ఆయనే చెప్పారు. ఫైల్లో నా కాగితం కూడా తేదీ వేసి, ట్యాగు దారంలో ఎక్కించి ఉంది.

ఈసారి పక్కన ఆవిడ కూడా వచ్చారు. "మా ఆవిడకి షుగర్ లేదమ్మా. తోముకుంటే రక్తం మాత్రం వస్తుందట. ఓసారి ఆ లెక్క చదవండి" అన్నారు.

ఆవిడ మొహమాటంగా కొంగు నోటికి అడ్డం తీసి కూర్చున్నారు. నాలుగు, అయిదు, నాలుగు. పై దవడలో రెండు చోట్ల చీముపొక్కులు. షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించారని అడిగితే, ఆవిడ ఆయన వైపు చూశారు. ఆయన ఫైలు వైపు చూసుకున్నారు. ఆవిడకు ఇంతవరకూ చేయించనేలేదు. మర్నాడు పొద్దున్నే ఏమీ తినకుండా ల్యాబుకు వెళ్ళమని చీటీ రాసి, ఆవిడ చేతికే ఇచ్చాను.